తోడు

కుతాయిసీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నాది.
నాలుగో గదిలో ఓతారీ,
జెస్తఫోనీ దారిలో మినీబస్సు తోలే మనిషి.
కడుపులో చల్ల కదలకుండా బతికిన వాడేం కాదు,
అయినా ఇంతలా కదలడం ఇదే మొదటిసారి.
పంటి చీముకి మందు వాడాడు.
మందు చీమును చంపింది, నిజమే,
పోతూ పోతూ లోపలి ఊరినంతా ఖాళీ చేసింది.
పాడుపడ్డ ఇంట్లో దయ్యం దూరినట్టు
ఒక మొండి క్రిమి చేరి
తలుపులు బిగించుకుంది.

రోజుకి పదిహేనుసార్లు.
లెక్క రాసేదాన్ని నేనే, దుప్పటి మార్చేదాన్నీ నేనే.
అతను ప్రతిసారీ గోడవైపు తిరిగి
"క్షమించమ్మా" అంటాడు,
గుంతలో బస్సు ఎగిరినప్పుడు
ప్రయాణికులతో అన్నట్టే.

డాక్టర్ ఎతేరీ ఇంకో మందు రాసింది,
ఆరుగంటలకొకసారి.
దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస:
మేలుచేసే క్రిముల పొడి, రోజుకి రెండు పొట్లాలు,
మందుకీ దానికీ నడుమ రెండు గంటలు ఎడం.
"పనిచేస్తుందా?"
"కొందరికి," అంది కళ్ళజోడు తుడుచుకుంటూ,
"పుస్తకాలు ఇంకా తగువులాడుకుంటున్నాయి."

రెండు గంటలు.
ఒక చేత్తో పొదలకి నిప్పుపెట్టి
రెండో చేత్తో విత్తనం పట్టుకుని
బూడిద చల్లారేదాకా గట్టుమీద కూర్చోవడం.
నా రాత్రులన్నీ ఆ గట్టే.

మూడోనాడు అతని భార్య త్సియాలా వచ్చింది,
కోటు లోపల, ఒంటి వెచ్చదనానికి ఆనించిన గాజు సీసాతో.
మాత్సోని.
"పొట్లాలెందుకు తల్లీ,
ఇది మా అత్తగారి అత్తగారి నాటిది.
కరెంటు లేని ఆ చలికాలాల్లో కూడా
పక్కలో పెట్టుకుని పడుకున్నాం,
ఒక్కరోజు చావనివ్వలేదు."

ఆ తోడుకి మేం పెట్టుకున్న పేరు దేదో,
అమ్మ అనే మాటకి చుట్టం.
నిన్నటి గిన్నెలో మిగిలిన చెంచాడు
రేపటి గిన్నెకి తల్లి.

ఎతేరీ సీసా మూత తీసి వాసన చూసింది.
చాలాసేపు చూసింది.
"పొడి మానొద్దు. ఇదీ తిననివ్వండి, అదే ఎడంతో."

ఆరోరోజుకి లెక్క ఏడు.
పదోరోజుకి రెండు.
మందు గెలిచిందా, పొట్లమా, సీసానా?
ఓతారీ నవ్వాడు:
"బస్సు కదిలింది కదా,
తోసినవాళ్ళ పేర్లెందుకు?"

ఇక్కడితో ఆపితే బావుండేది.

వెళ్ళే రోజు త్సియాలా
ఇంటినుంచి తెచ్చిన కొత్త సీసాతో
నడవా చివరి గాజు తలుపు దగ్గర నిలబడింది.
లోపల గేలా, పంతొమ్మిదేళ్ళు,
కనుబొమలు కూడా రాలిపోయిన పిల్లాడు,
రక్తంలో కాపలావాళ్ళే లేనివాడు.
ఆమె సీసా ఎత్తి చూపించింది.
వాడు తలూపాడు, రెండు చేతులూ చాచాడు.

నేను అడ్డం నిలబడ్డాను.
"వాడికి వద్దు. బతికున్నదేదీ వద్దు."
"ఇది విషమా?"
"కాదు. తోడే.
కాని కాపలాలేని ఇంట్లో
చుట్టం కూడా దొంగవుతాడు."

ఆమె నన్ను తిట్టలేదు.
సీసా నా చేతిలో పెట్టి
"అయితే వాడికి కాపలా వచ్చేదాకా
దీన్ని నువ్వు బతికించు" అని
మెట్లు దిగిపోయింది.

ఇది ఏడోవారం.
డ్యూటీ దిగి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని
పాలు కాచి, చిటికెనవేలు ఓర్చుకునేంత చల్లార్చి
చెంచాడు వేసి, పాత శాలువా చుట్టి పెడతాను.
గేలా రక్తపు అంకెలు
సోమవారం కొంచెం ఎక్కాయి,
గురువారం దిగాయి.

ఎవరికోసమో చెప్పకుండానే
గిన్నె పొద్దున్నకి తోడుకుంటుంది.
పైన మీగడ.
ఒక చెంచాడు పక్కకి తీసి
మిగతాది నేనే తింటున్నాను,
నిలబడి, కిటికీ దగ్గర,
ఉప్పు వేసుకోకుండా.